బత్తీ సాబ్ అనే ఓడ మల్లయ్య



"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య" అన్న సామెత వినని తెలుగువారుండరు. ఆ మల్లయ్య ఎవరో, ఏ రేవున ఓడ నడిపాడో ఎవరూ వ్రాసిపెట్టలేదు. అవసరం తీరగానే మనిషిని మరచిపోయే లోకరీతిని చెప్పడానికి మాత్రం అతని పేరు మిగిలింది. ఈ టపాలో ఈ కాలపు మల్లయ్యనొకనిని పరిచయం చేయదలచాను. సముద్రం మీద తిరిగే ఓడలలోనూ, ఓడలు కట్టే కార్ఖానాలలోనూ విద్యుత్తు పని చేసేవాడతడు. కాగితాల మీద అతని హోదా ఏదైనా, మన దేశపు నావికుల నోట అతని పేరు "బత్తీ సాబ్".

ఈ పేరు నాకు చెప్పినవాడు నా పూర్వ విద్యార్థి. కోదాడ దగ్గరి రైతుబిడ్డ. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి ఓడ ఎక్కాడు. ఒకమారు సెలవులకు వచ్చి, "సార్, ఓడల మమ్మల్ని బత్తీ సాబ్ అంటరు. ఈ మాట ఎక్కడిది సార్? మా పని గురించి తెలుగుల ఏమన్న పుస్తకం ఉన్నదా?" అని అడిగాడు. మొదటి ప్రశ్న తెలుగు పండితుణ్ణి అడగదగినదే. సంస్కృతంలోని "వర్తి" ప్రాకృతాల మీదుగా హిందీలో "బత్తీ" అయింది, తెలుగులో "వత్తి" అయింది. మన కొవ్వొత్తిలోనూ అగరుబత్తిలోనూ ఉన్నది అదే. దూది వత్తి దీపమై, దీపం విద్యుద్దీపమై, చివరికి ఆ దీపాన్ని చూసుకొనే మనిషికి పేరయింది.

ఇలాంటి మాటలకు ఓడలలో కొదవ లేదు. ఇంగ్లీషువారి ఓడలలో కూలికి పనిచేసిన మన దేశపు నావికులను లాస్కర్లు అనేవారు. అరబ్బీ, పారశీ, పోర్చుగీసు, హిందుస్తానీ పదాలు కలగలిసిన వారి భాషకు థామస్ రోబక్ అనే సైనికాధికారి 1811లో ఒక నిఘంటువునే ప్రకటించాడు. గోదావరి లాంచీల మీద మనం విన్న "సరంగు", రేవులలో విన్న "కళాసీ", 2025లో సినిమా పేరుగా ఇంటింటికీ తెలిసిన "తండేలు" ఆ నావికుల లోకపు మాటలే. చీఫ్ ఇంజనీరు "బడా సాబ్", మూడవ ఇంజనీరు "తీన్ సాబ్", విద్యుత్తువాడు "బత్తీ సాబ్".

రెండవ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈ వ్యాసానికి కారణం అదే.

మునగాలలో కూర్చున్నవానికి ఓడల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మాకు తెలిసిన జలరాశి చెరువులూ, సాగర్ ఎడమ కాలువా మాత్రమే. అయితే ఈ ఊరికి వేరొక వారసత్వం ఉంది. నిజాము రాజ్యం చుట్టూ ఆవరించి ఉన్నా, మునగాల పరగణా బ్రిటిషువారి కృష్ణా జిల్లాలో చేరి ఉండేది. నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో, సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది 2016లో. ఆ పరగణా జమీందారు రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో వీరున్నారు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, చరిత్రనూ ప్రకృతిశాస్త్రాలనూ తెలుగులో చదివించినవారూ వీరే. లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, అకారం దాటకుండానే 1923లో కన్నుమూశారు. "ఓడ" వద్దకు గానీ "విద్యుత్తు" వద్దకు గానీ ఆ మహాకార్యం చేరనే లేదు. ఆయన తిరిగిన ఊరివాడు ఆ రెండు మాటలనూ ఒకచోట కలిపి నాలుగు ముక్కలు వ్రాస్తే తప్పు కాదనుకొంటాను.

తెలుగువారి నౌకాచరిత్ర అనగానే మనం కొన్ని విషయాలు గర్వంగా చెప్పుకొంటాము. శాతవాహన యజ్ఞశ్రీ నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ సెట్టి ఓడల మీద సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు. గోదావరి ముఖాన కోరంగి ఓడల నిర్మాణానికి పేరు పొందింది. ఇవన్నీ నిజమే. కాని రాజు పేరుంది, సెట్టి పేరుంది, కవి పేరుంది, ఓడ బొమ్మ కూడా ఉంది. ఆ ఓడకు మేకు కొట్టినవాని పేరు ఎక్కడా లేదు. దీపం క్రింద చీకటి అంటే ఇదే. విద్యుత్తు వచ్చిన తరువాత కూడా ఆ చీకటి తొలగలేదు.

ఓడలోకి విద్యుద్దీపం వచ్చిన కథ 1880లో మొదలవుతుంది. అమెరికాలో "కొలంబియా" అనే ఆవిరి ఓడకు ఎడిసన్ కొత్తగా చేసిన బల్బులు పెట్టాలని దాని యజమాని హెన్రీ విల్లార్డ్ సంకల్పించాడు. ఓడ కట్టిన జాన్ రోచ్ అగ్నిప్రమాదానికి భయపడి ఆ పనికి ఒప్పుకోలేదు. ఓడ న్యూయార్కు చేరిన తరువాత ఎడిసన్ మనుషులే వచ్చి తీగలు లాగి దీపాలు బిగించారు. ప్రయాణికుల గదులలో దీపం వెలిగించే మీటను గది బయట తాళం వేసిన చిన్న పెట్టెలో ఉంచారట. ప్రయాణికుడు ముట్టడానికి వీలులేదు, నౌకరు వచ్చి వెలిగించవలసిందే. అంత భయం!

ఆ భయం నిరాధారం కాదు. బ్రిటిషు నౌకాదళపు "ఇన్‌ఫ్లెక్సిబుల్" యుద్ధనౌకలో 800 వోల్టుల విద్యుత్తు వాడారు. 1882లో ఒక నావికుడు ఆ షాకుకు మరణించాడు. ఆ దళంలో విద్యుత్తుకు బలి అయిన మొదటివాడతడు. ఆ తరువాత ఆ దళం తన ఓడలకు 80 వోల్టులు చాలునని నిశ్చయించింది. ఇంట్లో గోడ ఇటుక, నేల మట్టి. ఓడలో గోడ ఇనుము, నేల ఇనుము, చుట్టూ ఉప్పునీరు, ఒంటి మీద చెమట. ఈనాటికీ ఓడ అడుగున ఇరుకు అరలలోకి దిగేవాడు చేతిదీపానికి 24 వోల్టులే వాడడం వెనుక ఈ అనుభవమే ఉన్నది.

1912 ఏప్రిల్ 14 రాత్రి మునగడం ఆరంభించిన టైటానిక్ గురించి లోకమంతా ఎరుగును. ఓడ నీటిలోకి జారే చివరి నిమిషాల వరకు దీపాలు వెలుగుతూనే ఉన్నాయన్న మాట కూడా చాలామంది విన్నదే. ఆ దీపాలు వాటంతటవే వెలగలేదు. ఒక్కొక్కటి 400 కిలోవాట్ల డైనమోలు నాలుగు ఆ ఓడలో ఉన్నాయి. వాటిని, బాయిలర్లను, పంపులను నడుపుతూ ఇంజనీరింగు సిబ్బంది క్రిందనే నిలిచారు. ప్రధాన విద్యుత్కారుడు పీటర్ స్లోన్, అతని సహాయకులు ఒక్కరూ తిరిగి రాలేదు. కొత్త ఓడలో లోపాలు సరిదిద్దడానికి కార్ఖానా పంపిన తొమ్మిదిమంది బృందంలో ఎనిస్ వాట్సన్ అనే అప్రెంటిస్ ఎలక్ట్రీషియన్ కూడా ఉన్నాడు. అతడూ పోయాడు. దీపం ఉన్నంతసేపూ పడవలు దింపడానికి చోటు కనబడింది, నిస్తంత్రీ వార్తలు వెళ్ళాయి. ఎందరి ప్రాణాలు ఆ వెలుగులో నిలిచాయో లెక్క కట్టగలిగినవారు లేరు.

ఇక మన విశాఖకు వద్దాము. 1933లో అక్కడ ఓడరేవు తెరుచుకొంది. స్వదేశీ నౌకాయానం కోసం 1919లో పుట్టిన సింధియా కంపెనీ తరఫున వాల్‌చంద్ హీరాచంద్ అక్కడ ఓడల కార్ఖానా తలపెట్టగా, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పని చెదిరిపోయి, యుద్ధానంతరం గాని కుదుటబడలేదు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా "జల ఉష" జలప్రవేశం చేసింది. 1952లో కార్ఖానాలో మూడింట రెండు వంతులు, 1961లో మొత్తం ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2010లో హిందుస్తాన్ షిప్‌యార్డు రక్షణ మంత్రిత్వశాఖ క్రిందికి మారింది. విశాఖలో ఒక పేటకు నేటికీ సింధియా అనే పేరు.

చరిత్ర పుస్తకాలలో "జల ఉష" పేరు దగ్గర నెహ్రూ ఫొటో ఉంటుంది. జలప్రవేశం నాడు పూలదండలు, మేళతాళాలు, ప్రసంగాలు. ఇక్కడ ఒక రహస్యం ఉన్నది. ఆ కాలపు పద్ధతిలో నీటిలోకి దిగిన ఓడ చాలావరకు ఖాళీ డొల్ల. దానిని జెట్టీకి కట్టి, లోపలి అమరికలు పూర్తి చేయడానికి నెలలు పట్టేది. విద్యుత్తు పనిలో ఎక్కువ భాగం ఆ నెలలలోనే. అంటే పండుగ అయిపోయి పందిరి విప్పిన తరువాత బత్తీ సాబ్ పని మొదలు. ఇప్పుడు ఓడను ముక్కలు ముక్కలుగా కట్టి అతికే పద్ధతి వచ్చింది కనుక కొంత పని ముందే జరుగుతున్నది. ఫొటోలో మాత్రం ఇప్పటికీ అతడు లేడు.

ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. ముందు కేబుళ్ళు పోవడానికి ఇనుప ట్రేలు బిగించాలి. గది నుండి గదికి కేబులు దాటించేచోట గోడకు రంధ్రం తప్పదు. ఆ రంధ్రం నుండి నీరూ నిప్పూ దాటరాదు, అందుకు గ్లాండులు వేసి బిర్రుగా మూయాలి. ప్రతి తీగకూ రెండు కొసల అంకె చీటీ తగిలించాలి. ఏ తీగ ఎక్కడికి పోయిందో పదేళ్ళ తరువాత మరొక సముద్రంలో మరొకడు తెలుసుకొనేది ఆ చీటీ వలననే. ఆపైన మెగ్గరుతో కొలిచి, తీగకూ ఓడ ఇనుముకూ మధ్య బంధనం గట్టిగా ఉన్నదో లేదో చూడాలి. చివరకు సముద్రంలోకి తీసుకుపోయి, ఓడనంతా పరుగెత్తించి, ఆపి, దీపాలు కావాలనే ఆర్పి, మళ్ళీ వెలిగించి పరీక్షించాలి.

తొలినాళ్ళలో ఓడ ఇనుప గాత్రాన్నే రెండవ తీగగా వాడుకొనేవారు, ఖర్చు కలిసివస్తుందని. నేటి ఓడలలో పద్ధతి వేరు. సాధారణంగా 440 వోల్టుల, 60 సైకిళ్ళ మూడు ఫేజుల విద్యుత్తును ఇనుముతో ఏ సంబంధమూ లేకుండా ఉంచుతారు. మన ఇళ్ళలో ఒక తీగ భూమికి తగిలితే ఫ్యూజు పోయి కరెంటు ఆగుతుంది, అది మనకు రక్షణ. నడిసముద్రంలో చుక్కాని మోటారు అలా ఆగిపోతే రక్షణ సంగతి దేవుడెరుగు, ఓడే పోతుంది. అందుకని ఒక తీగ ఇనుముకు తగిలినా మోటారు నడుస్తూనే ఉండేలా ఏర్పాటు చేశారు. తగిలిందన్న సంగతి తెలిపేందుకు స్విచ్‌బోర్డు మీద మూడు చిన్న దీపాలుంటాయి. మూడూ సమంగా వెలిగితే క్షేమం. ఒకటి మసకబారి తక్కిన రెండూ ప్రకాశిస్తే, మసకబారిన ఫేజులో ఎక్కడో దోషం. ఓడంతా వెదకి ఆ చోటు పట్టుకోవడం బత్తీ సాబ్ పని. రెండవ దోషం వచ్చేలోపల పట్టుకోవాలి. రోజూ ఉదయం ఆ మూడు దీపాలను చూడడం తనకు సంధ్యావందనం వంటిదని నా విద్యార్థి అన్నాడు.

ఇంకొకటి అత్యవసర జనరేటరు. అది ఇంజను గదిలో ఉండదు, పై డెక్కు మీద వేరే గదిలో ఉంటుంది. క్రింద నీరు నిండినా, నిప్పంటుకొన్నా అది బ్రతికి ఉండాలి. ప్రధాన విద్యుత్తు పోయిన 45 సెకనులలో అది తనంతట తాను అందుకోవాలన్నది అంతర్జాతీయ నియమం. టైటానిక్ తరువాత 1914లో రూపొందిన సముద్ర ప్రాణరక్షణ ఒడంబడిక క్రమంగా పెరిగి పెరిగి ఈ నియమాల దాకా వచ్చింది.

యుద్ధనౌకల విద్యుత్తుకు వేరే చరిత్ర ఉంది. బ్రిటిషు దళంలో విద్యుత్తు మొదట టార్పెడోలవారి చేతిలో ఉండేది. వేరే విద్యుత్ శాఖ ఏర్పడినది 1946లో. గుజరాతు జామ్‌నగరులో 1942లో టార్పెడో బడిగా తెరిచిన "వల్సురా" మన నౌకాదళానికి విద్యుత్ విద్యాలయం కావడానికి మూలం అదే. ఆ పేరులో నాకు తమిళపు "వాళ్" అంటే కత్తి, "సుఱా" అంటే సొర కనిపిస్తాయి. మన సొరచేప జామ్‌నగరులో పలకరిస్తే సంతోషం కలగదా!

విశాఖ వెళ్ళినవారు రామకృష్ణా బీచిలో "కుర్సురా" జలాంతర్గామిని చూసే ఉంటారు. 1969 నుండి 2001 వరకు పనిచేసి, 2002లో ప్రదర్శనశాల అయింది. నీటి క్రింద అది నడిచినదంతా బ్యాటరీల బలంతోనే. ఆ బ్యాటరీలు ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వెలువడుతుంది. గాలి సరిగా ఆడకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. 2010 ఫిబ్రవరిలో విశాఖలోనే ఉన్న "సింధురక్షక్" జలాంతర్గామి బ్యాటరీ గదిలో అలాగే మంట పుట్టి ఒక నావికుడు మరణించాడు. ప్రదర్శనశాలలో టార్పెడోల గొట్టాల ముందు ఫొటోలు దిగే మనము, కాళ్ళ క్రింద ఉన్న బ్యాటరీ అర సంగతి అడగము.

ఇప్పుడు సామెత దగ్గరకు వస్తాను. గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో యంత్రాలు తమను తాము చూసుకొనే స్థితికి వచ్చాయని, అనేక నౌకా కంపెనీలు సిబ్బందిని తగ్గించుకొన్నాయి. చాలా ఓడలలో విద్యుత్కారుని పదవి ఎగిరిపోయింది. ఉన్న ఇంజనీర్లే ఆ పనీ చూసుకోవాలన్నారు. ఏరు దాటింది, మల్లయ్య బోడి అయ్యాడు. కాని యంత్రాలు పెరిగేకొద్దీ తీగలూ పెరిగాయి, తెరలూ పెరిగాయి. 2010లో మనీలాలో సమావేశమైన దేశాలు నావికుల శిక్షణ ఒడంబడికను సవరించి, ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరు అనే హోదాకు అర్హతలు నిర్ణయించాయి. 2012 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. 1880లో మొదలైన పనికి లోకం ప్రమాణపత్రం ఇవ్వడానికి నూటముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ పని విలువ ఎంతో 2024 మార్చి 26 తెల్లవారుజామున తెలిసింది. అమెరికాలోని బాల్టిమోరు రేవు నుండి బయలుదేరిన "డాలి" అనే 984 అడుగుల ఓడలో హఠాత్తుగా దీపాలు ఆరిపోయాయి, చుక్కాని పట్టు తప్పింది. కొన్ని నిమిషాలలోనే ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొన్నది. వంతెన కూలి, దాని మీద రాత్రిపూట రోడ్డు మరమ్మతు చేస్తున్న ఆరుగురు కూలీలు మరణించారు. ఓడ సిబ్బందిలో అత్యధికులు భారతీయులు. దర్యాప్తు పేరిట కొందరు నెలల తరబడి ఆ ఓడను విడిచి రాలేకపోయారు. 2025 నవంబరులో అమెరికా రవాణా భద్రతా మండలి కారణం తేల్చింది. ఒక తీగకు తగిలించిన అంకె చీటీ కొంచెం ముందుకు జరిగి ఉండడం వలన, ఆ తీగ తన చోట పూర్తిగా దిగలేదు. వదులుగా ఉన్న ఆ తీగ ఊడింది, ఓడ చీకటి అయింది. వేలాది తీగలలో ఒక్క తీగ, దానికొక చీటీ! చీటీ తగిలించడం కూడా ఒక విద్యేనా అని ఎవరైనా నవ్వితే ఈ కథ చెప్పండి.

మా ప్రాంతపు పిల్లల కోసం ఒక మాట. ఈ వృత్తిలోకి రాజమార్గం ఉన్నది. ఎలక్ట్రికల్ లేక ఎలక్ట్రానిక్స్ డిప్లొమా గాని, ఇంజనీరింగు గాని చదివి, డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన శిక్షణ పొంది, ఓడపై అనుభవం గడించి, పరీక్ష వ్రాసి ప్రమాణపత్రం పొందవచ్చు. అడ్డదారులూ ఉన్నాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఎకరం అమ్మి దళారికి కట్టింది. అబ్బాయికి ఓడ రాలేదు, దళారి ఫోను ఎత్తలేదు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర రుసుము తీసుకోరాదని 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక చెబుతున్నది. మన దేశం 2015లో దానిని ఆమోదించింది. కనుక డబ్బు అడిగినవాడు ఆ అడగడంలోనే తన గుట్టు తానే బయటపెట్టుకొంటున్నాడని గ్రహించాలి. ప్రభుత్వ లైసెన్సు ఉన్న సంస్థల జాబితా చూడకుండా పొలం కాగితాల మీద చేయి వేయవద్దు.

చివరగా మీకొక విన్నపం. "జల ఉష"కు తీగలు లాగినవారు నేడు ఉండి ఉండరు. వారి దగ్గర పని నేర్చి, 1960లలో, 70లలో విశాఖ కార్ఖానాలోనూ నౌకాదళపు డాక్‌యార్డులోనూ పనిచేసినవారు ఇప్పుడు ఎనభై ఏళ్ళ ప్రాంతంలో ఉంటారు. వారు వాడిన పనిముట్లకు వారు పెట్టుకొన్న పేర్లు, ఇరుకు అరలలో పడిన పాట్లు, కొత్త ఓడలో మొదటిసారి దీపం వెలిగిన క్షణం, ఇవి ఏ శాసనంలోనూ ఉండవు. మీలో విశాఖవాసులున్నారు. సింధియాలో, మల్కాపురంలో, గాజువాకలో మీ ఇంటి ప్రక్కనే అటువంటి పెద్దాయన వరండాలో పేపరు చదువుకొంటూ ఉండవచ్చు. ఒక సాయంకాలం వెళ్ళి, "తాతగారూ, మీ పని గురించి చెప్పండి" అని అడగండి. విన్నది విన్నట్టు, ఆయన మాటలలోనే వ్రాసి పెట్టండి. లక్ష్మణరావుగారు అకారం దగ్గర ఆగిపోయారు. అంతర్జాలంలో మనకు అక్షరక్రమం అడ్డు రాదు, ఎవరికి తెలిసినచోట వారు మొదలుపెట్టవచ్చు.

బత్తీ సాబుకు తగిన అచ్చతెలుగు పేరు ఎవరికైనా తోస్తే చెప్పండి. "దీపరి" అని నేనొకటి అనుకొన్నాను గాని, నా విద్యార్థి విని నవ్వి, "బత్తీ సాబే బాగుంది సార్" అన్నాడు. వాడుక గెలిచినచోట వ్యాకరణం తలవంచవలసిందే.